నరేన్ తలలోని రసాయనం

ఉడుమలైపేట చుట్టుపక్కల కొబ్బరితోటల వాళ్ళ దగ్గర రసాయనం అనండి, ఎవరైనా సరే కొట్టంలోని ఎరువు మూట వైపు వేలు చూపిస్తారు. యూరియా అయినా, పురుగుల మందు అయినా వాళ్ళకు రసాయనమే. బడిలో నేర్చిన తమిళంలోనూ అదే మాట, ఇంట్లో మాట్లాడే తెలుగులోనూ అదే మాట. మరి లక్ష్మమ్మాళ్‌కు మాత్రం వేరే అర్థం ఎక్కణ్నుంచి వస్తుంది? ఆమె కొంప ముంచింది ఆ ఒక్క మాటే.

మొగుడు పోయాక చిన్న తోటను ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి ఆమె. ఒక్కగానొక్క కొడుకు నరేన్ పోదనూరులో పంపుల వర్క్‌షాపులో కుదిరితే ఊరంతా చెప్పుకుని మురిసిపోయింది. ఏడాది తిరక్కుండానే వాడు పని మానేసి ఇంటికొచ్చాడు. గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడేవాడు. బావి మోటారు వేస్తే, ఆ చప్పుడులో తనను తిడుతున్నారనేవాడు. గాలి సోకిందన్నవాళ్ళున్నారు, పెళ్ళి చేస్తే కుదురుతుందన్న మహానుభావులూ ఉన్నారు. లక్ష్మమ్మాళ్ ఎవరి మాటా వినకుండా వాణ్ని కోయంబత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయింది. అంతవరకూ ఆమె చేసిన దాంట్లో వంక పెట్టేందుకేమీ లేదు.

జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అంది డాక్టరమ్మ. బయట వరండా నిండా జనం, ఆవిడకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. "మూళైలె ఒరు రసాయనం అదిగమా సురక్కుదు," అని తమిళంలో ఒక్క ముక్కలో తేల్చేసింది. మెదడులో ఒక రసాయనం ఎక్కువగా ఊరుతోందని. లక్ష్మమ్మాళ్ తలూపింది. అర్థమైందనే ఊపింది, పిచ్చితల్లి.

మాత్రలు పనిచేశాయి. గొంతులు తగ్గాయి. కానీ నరేన్ చేతులు వణికేవి, నోట్లోంచి చొంగ కారేది, ఎండెక్కేదాకా లేవలేకపోయేవాడు. వాణ్ని అలా చూస్తూ కూర్చున్న తల్లికి తోట లెక్కే తోచింది. ఎరువు ఎక్కువై ఆకు మాడుతున్న చెట్టుకు ఎవరైనా ఇంకో మూట కుమ్మరిస్తారా? నీళ్ళు పెట్టి కడిగేస్తారు గానీ.

"డాక్టరును ఒగ మాట అడుగు వదినా," అంది పక్కింటి బృంద. ఆమె నరేన్‌కు మేనత్త.

"అడిగేదేముండాది? ఆయమ్మదా చెప్పె, రసాయనం జాస్తి అయిందని," అంది లక్ష్మమ్మాళ్. కొడుకు చేతిలోని మాత్ర తీసేసుకుంది. "ఇది రసాయనం, కన్నా. ఇంక వద్దు."

ఆనాటి నుంచి పూటపూటకూ లేత బొండం కొట్టి తాగించింది. వణుకు పోయింది. మొహం తేటపడింది. వాడు బండి తుడిచాడు, అత్తను ఆటపట్టించాడు, తల్లి పక్కన కూర్చుని ఉలవపప్పు మారడిగి తిన్నాడు. ఆ కొన్నాళ్ళూ ఆమెను చూసి తీరాలి, కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

తర్వాత ఒక పొద్దున వాడు బొండంలోకి తొంగిచూసి, "దీన్లో ఎవరో ఏమో కలిపిండారు," అని విసిరికొట్టాడు. ఆ వారంలోనే మోటారు వైర్లు కోసిపారేశాడు. పదిమంది పట్టుకుంటే గానీ ఆసుపత్రికి రాలేదు.

ఈసారి డాక్టరమ్మ తీరిక చేసుకుని కూర్చోబెట్టి చెప్పింది. అది బయటినుంచి ఎక్కింది కాదు. డోపమైన్ అని, అందరి మెదడులోనూ ఊరేదే, ఒక నరం కబురు ఇంకో నరానికి మోసేది. నరేన్‌లో అది మితిమీరడం వల్ల ఉత్త చప్పుడుకు కూడా ఏదో అర్థం ఉన్నట్టు వాడికి తోస్తోంది. మాత్ర దాన్ని పెంచదు, అది వెళ్ళి తగిలే చోటును అడ్డుకుంటుంది. వణుకూ అందువల్లే, ముందే చెప్పి ఉంటే మందు మార్చేవాళ్ళం.

"నా బిడ్డకే ఏల వచ్చె?" అని అడిగింది లక్ష్మమ్మాళ్. ఆ రసాయనం ఒక్కటే కారణం కూడా కాదని, పూర్తిగా ఎవరికీ తెలియదని ఆవిడ నిజమే చెప్పింది. నిజం విని ఆ తల్లి ఏం చేసుకోవాలి?

వాడు కాస్త నెమ్మదించాక ఇంటికి పంపారు. లక్ష్మమ్మాళ్ కొత్త మాత్ర అరచేతిలో పెట్టుకుని కొడుకు ముందు నిలబడింది.

"నువ్వుదా చెప్తివి, అది రసాయనం అని," అన్నాడు నరేన్.

"తెలియక చెప్తిని కన్నా."

"ఇప్పుడు ఎవరు చెప్పమనిరి నీకి?"

ఆమె ఎన్ని ఒట్లు పెట్టినా, కాళ్ళు పట్టుకున్నా వాడు అలాగే చూశాడు, పరాయిదాన్ని చూసినట్టు. ఆ రోజు మొదలు తల్లి చేతి మెతుకు ముట్టలేదు. అత్త పెడితే తింటాడు, అత్త ఇస్తేనే మాత్ర మింగుతాడు. అందుకని వండేది లక్ష్మమ్మాళ్, దొడ్డిదారిన తెచ్చి తను వండానని వడ్డించేది బృంద. తను వండిన అన్నం కొడుకు తింటున్నాడో లేదో లక్ష్మమ్మాళ్ గోడ చాటున నిలబడి వినాల్సిందే.

మొన్న ఉలవపప్పు కలుపుకుని వాడు కడుపునిండా తిన్నాడు. మాత్ర మింగి నీళ్ళు తాగి, మేనత్తతో చాలా ప్రేమగా చెప్పాడు. "అత్తా, మీరు జాగ్రత్తగా ఉండండి. మా అమ్మ ఏమిచ్చినా తినొద్దు. మీకేమన్నా అయితే నాకి ఇంగెవరుండారు?"

"సరి సామి, తినను," అంది బృంద.

అలా అనమని ఆమెకు నేర్పింది లక్ష్మమ్మాళే.