నాటు పాటకు వెనక్కి నడిచిన మా మేనత్త

మా మేనత్తను చంపింది మీరు. చావింట్లో పాట వినిపిస్తే తప్పు పట్టే మీరు, తప్పు పట్టేవాళ్ల పక్కన కూచుని తల ఊపే మీరు. మంగళవారం పొద్దున బోధన్‌లో ఆమె పోయింది. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని డాక్టరు రాశాడు. నిజమే కావచ్చు. నెలల తరబడి వెల్లకిలా పడుకున్న మనిషికి నిమ్ము చేరక ఏమవుతుంది? ఆమె ఎందుకు పడుకోవలసి వచ్చిందో ఆ కాగితంలో లేదు. అందుకే నేను రాస్తున్నాను.

ఆమె కూలి మనిషి. వానాకాలం వరి నాట్లు, చలికాలం చెరుకు కోత. ముఠాలో పాట ఎత్తుకునేది ఆమే, మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. "నోరు నడుస్తుంటే నడుము నొప్పి యాదికి రాదు అల్లుడా" అనేది. చాయ్ సాసర్‌లో పోసుకుని, అది చల్లారేదాకా కూడా ఊరికే ఉండేది కాదు, ఏదో రాగం తీసేది.

రెండేళ్ల కింద పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట కూడా పోయింది. నీళ్లు కావాలంటే "తలుపు" అనేది. తప్పుగా అన్నానని తెలిసి ఏడ్చేది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి నిజామాబాద్ నుంచి వారానికి రెండుసార్లు బస్సులో వచ్చేది. ఒకరోజు అత్త కోడలు అంట్లు తోముతూ, వరి నాటేసేటప్పుడు పాడే నాటు పాట ఒకటి కూనిరాగం తీసింది. రెండు మాటలు కలిపి అనలేని అత్త ఆ పాటను అందుకుని చివరిదాకా పాడింది, ఒక్క పదం తప్పలేదు.

"మాటది ఒక తొవ్వ, పాటది ఇంకో తొవ్వ అవ్వా. గా తొవ్వ ఇంకా ఉన్నది. మనం గా తొవ్వలనే పోదాం" అంది ఆ అమ్మాయి.

అప్పటి నుంచి పాటతోనే వ్యాయామం. అత్తను గోడ పక్కన నిలబెట్టారు. కోడలు పాట ఎత్తుకుంది. అత్త అడుగు వేసింది, వెనక్కి.

"ముందలికి అవ్వా, ముందలికి."

మళ్లీ వెనక్కే. కోడలు నవ్వు ఆపుకోలేక కూలబడింది. "ముందలికి నడిస్తే ఏసిన నాటు తొక్కరా మేడం? నాటు పాటకు కాళ్లు ఎన్కకే పోతయి."

అత్త కూడా నవ్వింది. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు. తర్వాత చెరుకు మోపులు బండి దాకా మోసేటప్పుడు పాడే పాట పట్టుకున్నారు. దాంతో కాలు ముందుకు కదిలింది. గోడ నుంచి వాకిలికి, కొన్ని నెలలకు వాకిలి నుంచి కిరాణా దుకాణానికి. అక్కడ "చక్కెర" అని రాగం తీసి తనే అడిగింది. ఇంకోసారి వినాలని దుకాణాయన చెవిటివాడిలా నటించాడట.

అంతలో మామ చనిపోయాడు. పదో రోజుకు చుట్టాలంతా ఉన్నారు. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది, కోడలు పాట మొదలుపెట్టబోయింది.

"మొగడు పోయి పదొద్దులు. గీ ఇంట్ల పాటలా?" అంది అత్త తోడికోడలు, ఆ ఇంటికి పెద్దావిడ.

"పాట కాదు పెద్దత్తా, మందు."

"మందైతే మెడికల్ షాపుల తెచ్చుకో. ఏడాది ఎల్లేదాక పాట ఇనరాదు. సూసెటోళ్లు ఏమనుకుంటరు?"

కోడలు నావైపు తిరిగింది. "అన్నా, నువ్వన్న చెప్పు."

ఇరవై ఏళ్లుగా సభల్లో మూఢాచారాల మీద గొంతు చించుకుంటున్నవాణ్ణి. చావింట్లో గొడవెందుకని "కొన్నొద్దులు ఆగుదాం" అన్నాను. పైన మీరు అని తిట్టానే, అందులో మొదట నిలబడేది నేను.

"మీరు ఆగితే కాలు కూడ ఆగుతది సార్" అంది ఆ అమ్మాయి. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ నడిపించబోయింది. అత్త మా నోళ్లవైపు చూస్తూ నిలబడింది. కాలు లేవలేదు. తనే పాట ఎత్తుకోబోతే తోడికోడలు వచ్చి నోటి మీద చెయ్యి పెట్టింది. కోపంగా కాదు. "వద్దు చెల్లె, నీకే పాపం" అని ప్రేమగా. నాలుగో వారానికి అత్త మంచం పట్టింది. మళ్లీ లేవలేదు.

బుధవారం శవం లేపేటప్పుడు అదే వాకిట్లో డప్పులు పెట్టించారు. శ్మశానం దాకా మోగుతూనే ఉన్నాయి. చచ్చిన మనిషికి మోత ఆచారమట. బతికున్న మనిషి నడవడానికి పాట అడిగితే పాపమట.

నా డిమాండ్లు ఇవి.

చావింట్లో పక్షవాతం మనిషి ఉంటే ఒక్క పూట కూడా పాట ఆపొద్దు.

పరామర్శకు వచ్చి "పండుకోనియ్యుండ్రి" అని సలహాలు చెప్పొద్దు. చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయించి వెళ్లండి.

ప్రతి మండలానికి సర్కారు ఒక ఫిజియోథెరపీ మనిషిని పంపాలి. వాళ్లకు నాటు పాటలు, మోపు పాటలు మన కూలి ఆడవాళ్లు నేర్పాలి.

నాలాంటి ఉపన్యాసకులు ముందు చుట్టాల ఇళ్లలో నోరు విప్పాలి.

చివరిది అత్త ఉన్న వీధివాళ్లకు. ఎదురింట్లో బీడీలు చుట్టే అక్కకు పోయిన నెల ఎడమ పక్క పక్షవాతం వచ్చింది, ఆ ఫిజియోథెరపీ అమ్మాయే ఆమెనూ పాటతో నడిపిస్తోంది. ఎదురుగా చావు జరిగిందని ఆమెకూ పాట ఆపేశారు. ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి. నేను అక్కడి నుంచి బయల్దేరేటప్పటికి ఆమె దర్వాజ పట్టుకుని నిలబడి ఉంది. ఎడమ మడమ లేచింది, మునివేళ్లు ఇంకా నేల మీదే ఉన్నాయి.