గోడ ఎత్తు తెలియడానికి

స్లైడ్ ప్రొజెక్టర్‌లో బల్బు వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది. కాలిన దుమ్ము, పాత అట్టపెట్టె, కాస్త ఇనుము కలిసిన వాసన. అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని మా బేస్‌మెంట్‌లో మొన్న శనివారం అది మళ్ళీ లేచింది. కారణం మా అమ్మాయి అను. నవ్వితే దానికి ఒక బుగ్గనే సొట్ట పడుతుంది; అది నానమ్మ సొట్టేనని దాని చిన్నప్పటినుంచీ చెబుతూ వస్తున్నాను. నేను చెప్పేవాటిలో పదోవంతు కూడా నమ్మకూడదని ఎప్పుడో తెలుసుకున్న పిల్ల కనక, ఆ పొద్దున అడిగేసింది.

"డాడీ, ఇది కూడా నీ స్టోరీయేనా? ప్రూఫ్ చూపించు."

అక్కడే చిక్కు. మా అమ్మ నాకు పదేళ్ళప్పుడు పోయింది. పెళ్ళిఫోటోలో తల వంచుకునే ఉంది, పాస్‌పోర్టు ఫోటోలో పెదవులు బిగించి ఉంది. ఇక మిగిలినవి మేం ఇంగ్లండులో ఉన్న రోజుల్లో నాన్న తీసిన స్లైడ్లే. ఎనభై దాటిన నాన్న, కుర్చీ మెట్ల పక్కన వేయించుకుని, ప్రొజెక్టర్ మీట చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

అప్పట్లో నాన్న అక్కడి యార్క్‌షైర్‌లో ఒక ఆసుపత్రిలో డాక్టరు. మేం ఆ దగ్గర్లోనే ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ఊరి చుట్టూ మనుషులున్న ఇళ్ళకంటే మనుషుల్లేని గోడలే ఎక్కువ: కప్పు ఎగిరిపోయిన సన్యాసుల మఠాలు, సగం కూలిన కోట బురుజులు, ఆకాశం తప్ప అద్దాలు లేని కిటికీలు. ఆదివారం ఎండ కాస్త కన్ను తెరిస్తే చాలు, నాన్న కెమెరా, మూడుకాళ్ళ స్టాండు కారులో పెట్టేవాడు, అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర సర్దేది, నేను వెనకసీట్లో కూర్చుని, రాతికంచెల మధ్య మేసే గొర్రెలకు దారిపొడవునా మా బంధువుల పేర్లు పెట్టేవాణ్ణి. వేసవిలో కోసిన గడ్డి వాసన. వినాయకచవితి వచ్చేసరికి ముళ్ళపొదల నిండా బ్లాక్‌బెర్రీలు, తింటే నేరేడుపళ్ళు తిన్నట్టే నాలుక ఊదారంగుకు తిరిగేది. గోంగూర దొరకని ఆ దేశంలో అమ్మ రూబార్బ్ కాడల పులుపుతో పచ్చడి నూరేది. సన్యాసుల సమాధిరాయి మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, గవ్వల్లేక చింతగింజలతో, నేనూ అమ్మా అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. అక్కడి గాలి ఎలాంటిదంటే, పులిహోరలో ఆవాలు ఎగిరిపోయి పక్క జిల్లాలో మొలిచేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ కోట మా ముత్తాత కట్టించిందేననీ, కప్పు వేద్దామంటే వాన ఆగక విసిగిపోయి గుంటూరు వెళ్ళిపోయాడనీ బడిలో చెబితే ఇద్దరు నమ్మారు కూడా.

నాన్న ఫోటో తీయడం మాత్రం ఒక యజ్ఞం. వెలుతురు కొలవాలి, మబ్బు జరగాలి, అడ్డొచ్చిన మనుషులు తప్పుకోవాలి. "మనుషులు కదులుతారు, రాళ్ళు కదలవు" అనేవాడు. అమ్మ ఒక్కతికే మినహాయింపు, అదీ ఒక పని మీద.

"ఆ తలుపు పక్కన నిలబడు. ఇంకా వెనక్కి. గోడ ఎత్తు తెలియాలి."

"ఎత్తు కావాలంటే టేపు తెచ్చుకోండి, మధ్యన నేనెందుకు? అంత దూరాన నా మొహం ఏం కనపడుద్ది?"

"కనపడాల్సింది గోడ."

"అయితే పులిహోర కూడా ఆ గోడనే కలిపి పెట్టమనండి!"

అలా అంటూనే, చీర మీద తొడుక్కున్న ఎర్రకోటు బొత్తాలు పెట్టుకుంటూ వెనక్కి నడిచేది. నా కొలతలన్నీ అమ్మతోనే: ఆ బురుజు నాలుగమ్మలు, ఈ కిటికీ అమ్మన్నర.

బేస్‌మెంట్ గోడ మీద ఆ బురుజులన్నీ ఒకటొకటిగా వచ్చాయి. ఏ గోడ ఏ మఠానిదో, అది ఉత్తరం వైపుదో దక్షిణం వైపుదో, నాన్న తడుముకోకుండా చెబుతున్నాడు. ప్రతిదానికీ అను "నానమ్మ ఎక్కడ?" అంటుంది, "అదుగో, ఎర్రగా" అంటాం. కందిగింజంత అమ్మ. అను ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేసింది; మొహం ఉండాల్సిన చోట నాలుగు చుక్కలు. నేను కోసిన కోతలన్నిటికీ అక్కడ సాక్ష్యాలున్నాయి, కోటా ఉంది, గొర్రెలూ ఉన్నాయి. చెప్పిన ఒక్క నిజానికే లేదు.

చివరి పెట్టెలో, అంచు మీద నాన్న ఇంటూ గుర్తు పెట్టిన స్లైడు ఒకటి దొరికింది. వానకి అందరం ఒక కమాను కిందకి చేరిన రోజుది. చోటు లేక అమ్మ కెమెరాకి దగ్గరగా నిలబడింది. చీకటిగా ఉంది కాబట్టి కాసేపు కదలొద్దని నాన్న హెచ్చరించాడు. పైన ముక్కు విరిగిన రాతిసాధువు ఒకడున్నాడు. "అమ్మా, ఆయన నిన్ను పులిహోర అడుగుతున్నాడే" అన్నాను. అమ్మ పగలబడి నవ్వింది. కమాను మీది నాచు కూడా లెక్కపెట్టుకోవచ్చు ఆ స్లైడులో. ఎర్రకోటు పైన మాత్రం పొగలాంటి చార.

"బ్లర్‌గా ఉంది తాతా," అంది అను.

"నవ్వుతోందమ్మా, అందుకే," అన్నాడు నాన్న. మీట నొక్కబోయి ఆగాడు. "పాడైందనుకున్నాను అప్పుడు. మళ్ళీ దగ్గరికి రమ్మననే లేదు."

తాత మాట కాబట్టి అను నమ్మింది. "మరి డింపుల్ ఏ సైడ్? నాకు లెఫ్ట్."

"కుడిబుగ్గ," అన్నాడు నాన్న.

"ఎడమ," అన్నాను నేను, అదే క్షణంలో.

అను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ మఠాలన్నీ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయట. చుట్టూ కంచె వేసి, ఇంకో రాయి కూడా రాలకుండా చూసుకుంటున్నారట. నాన్న తన కుడిచెంప మీద వేలు పెట్టుకుని, ఆ చార వైపు చూస్తూ, నెమ్మదిగా ఆ వేలు తీసేశాడు. ఎప్పుడూ ఏదో ఒక కోత సిద్ధంగా ఉండే నాకు, ఎడమ అని రెండోసారి అనడానికి నోరు రాలేదు.