నడుమ నిలబడని గొంతు

గొణిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నా క్లాసులో కుడివైపు బెంచీల పిల్లలు ఎప్పుడూ గొణుగుతారు, అందుకే వాళ్లకు తిట్లెక్కువ. మా ఆవిడ వంటింట్లోంచి గొణుగుతుంది. రెండేళ్ల కిందట స్పీకర్లు కొంటే, వాటిలో కుడిది కూడా అదే పని మొదలుపెట్టేసరికి లోకమంతా కలిసి నా మీద పగబట్టిందని తేల్చుకున్నాను.

టీచరు కాకముందు పన్నెండేళ్లు కొత్తవాడలో మరమగ్గాల మీద బట్ట నేశాను. షెడ్డు గోడకు ఒక రేడియో ఉండేది. మగ్గాల చప్పుడులో పాట ఏనాడూ వినబడలేదు. దాని ఎర్ర లైటు వెలుగుతోంది కాబట్టి ఎవరో పాడుతున్నారని అనుకునేవాళ్లం. ఎప్పటికైనా సొంత ఇంట్లో కూర్చుని, పాడే మనిషి ఎదురుగా నిలబడినట్టు ఒక్క పాటైనా వినాలని అప్పుడే పంతం పట్టాను. మడికొండలో ఇల్లు కట్టుకున్నాక ఆ పని మీద పడ్డాను.

హనుమకొండ స్పీకర్ల దుకాణంలో నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టిన పెద్దమనిషికి బేస్ తప్ప ఇంకేదీ పట్టదు.

"సార్, ఇది ఇనుండ్రి. కిటికీలు అదురుతయ్," అన్నాడు.

కిటికీలు అదరడానికి స్పీకర్లెందుకు, మా వీధిలో పెళ్లి డీజే చాలు. నాకు కావలసింది వేరు. గొంతు రెండు స్పీకర్ల నడుమ ఖాళీలో నిలబడాలి. తబలా ఒక పక్క, వేణువు ఇంకో పక్క, ఎవరెక్కడ కూర్చున్నారో కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపగలగాలి. రంగు లైట్లు మెరిసే ఎత్తు పెట్టెలన్నీ వద్దని, నా జీతానికి అందే అడుగు ఎత్తు జత ఒకటి తెచ్చుకున్నాను.

గోడకు రెండడుగులు ఎడం, నా చెవుల ఎత్తున స్టూళ్ల మీద పెట్టాను. రెండింటి మధ్య ఎంత దూరమో అక్కడి నుంచి నా కుర్చీకీ అంతే దూరం. టేపు పట్టి కొలిచాను. తీరా పాట పెడితే, గాయని ఎడమ స్పీకర్లో దూరి పాడింది.

కుడిపక్క ఉన్న బీరువా శబ్దాన్ని మింగేస్తోందన్నాను.

"నడిమిట్లనే పాడుతాంది గదా," అంది మా ఆవిడ.

"నీకేం తెలుసు?" అని కసురుకుని, బీరువా లోపలి గదిలోకి ఈడ్పించాను. కొత్త టైల్స్ మీద గీత పడింది. తర్వాత పరదాలు మార్పించాను, చాప పరిపించాను. చుట్టాలొస్తే నోరు మూసుకుని కూర్చోమన్నాను. గొంతు ఎడమ నుంచి అంగుళం కదల్లేదు. కుడి స్పీకరు చచ్చు సరుకని రెండూ డబ్బాలో పెట్టుకుని దుకాణం మీదికి పోయాను.

ఆయన నన్ను వాదించనివ్వలేదు. రెండు స్పీకర్లూ అటుదిటు, ఇటుదటు మార్చి పాట పెట్టాడు.

"ఇప్పుడు ఎటు దిక్కు ఇనొస్తాంది సార్?"

"ఎడమకే."

ఆయన పాట ఆపాడు. "స్పీకర్ల తప్పుంటే పాట ఇప్పుడు కుడి దిక్కు పోవాలె. ఏమనుకోకుండ్రి సార్, జర చెవుల దవాఖానల సూపించుకోరాదుండ్రి."

నలుగురి ముందు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి ఇంటికొచ్చాను. తలుపేసుకుని, స్పీకర్లు మళ్లీ అమర్చి, పాట పెట్టి, ఎడమ చెవిలో వేలు పెట్టుకున్నాను. పాట పక్కింటి గోడ అవతలికి వెళ్లిపోయింది. షెడ్డులో నా చోటు వరుస చివర. ఎడమకు గోడ, కుడికి మగ్గాలన్నీ. పన్నెండేళ్లు ఆ మోతంతా తిన్నది నా కుడి చెవి.

బయటికొస్తే మా ఆవిడ సోఫాలో ఎప్పటిలాగే ఎడమ కొసకు కూర్చుని ఉంది. బస్సులో, పెళ్లి పందిట్లో, ఎక్కడైనా నా ఎడమ పక్కకే చేరేది. మొండితనం అనుకున్నాను.

"నా కుడి చెవి సంగతి నీకు తెలుసా?"

"పెండ్లైన కాన్నుంచి తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెప్తే కొట్లాటకొస్తవని."

అప్పుడూ కొట్లాటకే వెళ్లాను. ఇన్నేళ్లు నన్ను వెర్రివాణ్ణి చేశావని అరిచాను. చివరికి అరుపు అయిపోయి, మళ్లీ పాట పెట్టి, గాయని ఎక్కడ నిలబడి పాడుతోందో చూపమన్నాను. ఆమె నా ఎడమ పక్కన కూర్చుని, రెండు స్పీకర్ల నడుమ ఖాళీలోకి వేలు చాపింది.

నాకక్కడ ఎవరూ లేరు. అప్పుడు షెడ్డులో రేడియో ఎర్ర లైటు చూసి ఎవరో పాడుతున్నారని నమ్మాను, ఇక మీదట ఆమె వేలు చూసి నమ్మాలి.