మా నాయన వీపు ఆనించని కుర్చీ

నా చిన్నప్పుడు మేము పుంగనూరులో ఉండేవాళ్లం. మా నాయన అక్కడ ఒక ఆఫీసులో టైపిస్టు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే పని. అయినా సాయంత్రం ఆయన గడప తొక్కితే చాలు, ఇంట్లో అందరం బిక్కచచ్చిపోయేవాళ్లం. చెప్పు అడ్డమొచ్చినా కోపమే, కూరలో ఉప్పు తగ్గినా కోపమే. అమ్మ మీద చెయ్యి కూడా లేచేది.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగేశాను. "కూసునే పనే గదా నాయనా, నీకు యాల ఇంత కోపం?"

అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నాయన మాత్రం కొట్టలేదు. చెక్క కుర్చీ తెచ్చి నట్టింట్లో వేశాడు. "దీని అంచున కూసో. ఈపు ఆనించొద్దు. నేను సెప్పేదాకా లెయ్యొద్దు" అన్నాడు. ఓస్, ఇంతేనా అనుకున్నాను.

కాసేపటికే నడుము పట్టేసింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. వీధిలో పిల్లల ఆట వినబడుతుంటే ఏడుపొచ్చింది. తర్వాత ఆ ఏడుపూ పోయి కసి మిగిలింది. అమ్మ జాలిపడి మజ్జిగ తెస్తే లోటా విసిరికొట్టాను.

"సూసినావా? మీయమ్మ ఏం జేసిందని?" అన్నాడు నాయన. "ఆఫీసరు మాకు ఎదురుగానే కూసుంటాడమ్మా. ఆయన ముందర ఈపు ఆనిస్తే పొగరంటారు. మేమందరం ఇట్లనే, అంచుననే."

ఆ రోజు నుంచి ఆయన చెయ్యెత్తలేదని చెప్పాలని ఉంది. కానీ ఎత్తాడు. కుప్పానికి బదిలీ అయ్యాక కూడా అంచునే కూర్చున్నాడు, ఇంట్లో అలాగే అరిచాడు. రిటైరయ్యేనాటికి నడుము వంగిపోయింది. పడక కుర్చీ కొనిస్తే అందులో వెనక్కి వాలలేక మూలిగేవాడు. అమ్మ ఆ వీపుకు రోజూ నూనె రాసేది. రాస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఇప్పుడు మదనపల్లెలో మా కోడలు ఇంటి నుంచే కంపెనీ పని చేస్తోంది. మెడకు కూడా ఆసరా ఉన్న ఖరీదైన కుర్చీ కొనుక్కుంది. ఏం లాభం? ల్యాప్‌టాప్‌లో మేనేజరు మొహం కనబడగానే ముందుకు జరిగి అంచున కూర్చుంటుంది. మీటింగు అయ్యాక పసిబిడ్డను కసురుతుంది. "ఎనక్కి ఆనుకోమ్మా, వాడేమన్నా అనుకోనీ" అంటాను. నవ్వుతుంది గానీ ఆనుకోదు.

కోపంతో ఊగిపోయే మనిషి ఎదురైతే, పొద్దుటి నుంచి ఎలా కూర్చున్నాడో పాపం అని ఇప్పటికీ అనుకుంటాను. జాలేస్తుంది. నాయన మీదా వేస్తుంది. కానీ అంతలోనే అమ్మ మొహం గుర్తొస్తుంది, ఆ జాలి సగంలోనే ఆగిపోతుంది.