రొయ్యకైతే హార్మోను

మా ఆయన ఉప్పలగుప్తం దగ్గర రొయ్యపిల్లల హేచరీలో టెక్నీషియన్. తల్లి రొయ్య గుడ్లు పెట్టకపోతే అక్కడ దాని ఒక కంటి కాడను నలిపేస్తారు. గుడ్లను ఆపే హార్మోను ఆ కాడలోనే ఉంటుందట. ఇంటికి ఎవరొచ్చినా ఈ సంగతి చెప్పందే ఆయన కాఫీ తాగనివ్వరు. రొయ్య మేత ముట్టకపోతే ఆ పూటే నీళ్ళు పరీక్ష చేయిస్తారు.

నేను మాత్రం మే నెలలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నా, దువ్వెన నిండా జుట్టు ఊడొస్తున్నా, జాకెట్లన్నీ బిగుతైపోతున్నా ఆయన లెక్కలో బద్ధకస్తురాలినే. మూడేళ్ళు! పొద్దున్నే లేవబోతే ఒళ్ళు తడిసిన గోనెసంచిలా ఉండేది. గొంతు బొంగురుపోయింది. రక్తపరీక్ష చేయించమంటే, "నాలుగడుగులు నడువు, అన్నీ పోతాయి" అనేవారు. అత్తగారు మెంతులు నానబెట్టి ఇచ్చేవారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. తెలిసినదేదో ఆవిడ చేశారు. ఈయన తెలిసి కూడా చేయలేదు.

ఓ ఆదివారం కొత్తపేట నుంచి ఆయన పెద్దమ్మగారి అబ్బాయి వచ్చారు. కంటి కాడ కథ మొదలైంది.

"చిటికెడు హార్మోనండీ అన్నయ్యగారూ. ఒళ్ళంతా దాని చేతిలోనే ఉంటది."

అప్పుడే నేను కాఫీ తెచ్చాను. బావగారు నన్ను చూసి, "ఏంటమ్మా, మొహం అలా ఉబ్బిపోయింది? ఒంట్లో బాగోట్లేదా?" అన్నారు.

మా ఆయన నవ్వారు. "అబ్బే, ఏం లేదండీ. తినడం, పడుకోవడం. ఒళ్ళు రాక ఏమవుద్ది?"

ట్రే ఆయన నెత్తిన వేద్దామనిపించింది. నిజంగానే అనిపించింది. బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా అమలాపురం బస్సెక్కి ల్యాబులో రక్తం ఇచ్చాను. సాయంత్రం రిపోర్టు చూసి డాక్టరమ్మ, "ఈ ఒంటితో ఇన్నాళ్ళూ ఇంటిపని ఎలా చేసేవమ్మా?" అన్నారు. థైరాయిడ్ హార్మోను బాగా తక్కువైందట. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకుంటే చాలట. అది విని ఏడ్చాను. బాధతో కాదు, ఒళ్ళు మండి.

రిపోర్టు తెచ్చి ఆయన ముందు పడేశాను. అందులో అంకెలు ఆయనకు బాగానే అర్థమయ్యాయి. మొహం మాడిపోయింది.

"ఇంత తేడాగా ఉందేంటి! మరి ముందే చెప్పొచ్చు కదా?"

"నేను రొయ్యని కాదండీ," అన్నాను. "నాకు నోరుంది. మూడేళ్ళ నుంచీ దాంతోనే చెబుతున్నాను."