అమ్మోరు కూర్చున్న కడ్డీ

మా వీధి చివర బళ్ళు కడిగే షెడ్డు ఒకటుంది. వానాకాలంలో కొండల మీదికి షికారు వెళ్ళొచ్చిన కార్లు ఒళ్ళంతా ఎర్రమట్టి పూసుకుని అక్కడ వరసగా నిలబడతాయి. మొన్న కూరగాయల సంచీతో అటుగా వస్తుంటే, నీళ్ళ గొట్టం దెబ్బకి ఓ కారు కడుపులోంచి బురద పెళ్ళలు జారి, తడిమట్టి వాసనా పెట్రోలు వాసనా కలిసి ముక్కుకి తగిలాయి. అంతే, నా కాళ్ళ కింద మా సీతమ్మధార వీధి లేదు. మా మావయ్య జీపు వెనకబల్ల మీద, ఒళ్ళో పనసపండుతో కూర్చుని ఉన్నాను. ఆ పండు నాకంటే బరువుండేదని చెబితే మా పిల్లలు నమ్మరు. సరే, నాతో సమానం అనుకోండి, గొడవ లేదు.

మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, హార్బరులో క్రేను నడిపేవాడు. డెబ్భైల చివర్లో, మిలట్రీ వాళ్ళు వద్దనుకున్న జీపు ఒకటి వేలంలో పాడుకుని తెచ్చాడు. తలుపుల్లేవు, పైన చిరుగుల టార్పాలిన్, కింద చూస్తే రోడ్డు. మా వీధి కుక్కలు ప్రతి బండినీ తరిమేవి గానీ దీన్ని మాత్రం జాలిగా చూసి పక్కకి తప్పుకునేవి. ఆ ఏడు దసరాకి మా అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని పూర్ణా మార్కెట్టుకెళ్ళి, బంతిపూల బుట్టల మధ్యా బూడిదగుమ్మడికాయల గుట్టల మధ్యా అరపూట తిరిగి, గింజుకుని బేరమాడి, జీపుకి కావలసిన పూజ సరుకంతా మోయించుకొచ్చింది. ఇంట్లో పులిహోర తిరగమోత ఘుమఘుమలాడుతుంటే బయట ఆవిడ ఒక్కో చక్రానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆఖరికి లోపలికి తొంగి చూసి గేరు పక్కనున్న చిన్న కడ్డీ దేనికని అడిగింది.

"ఏటో, నాకూ తెల్దు. మిలట్రీవోలు తుపాకీ ఆనించుకోడానికెట్టుంటారు" అన్నాడు మావయ్య, తెలియదని ఒప్పుకుని ఊరుకోవడం మా ఇంటావంటా లేదు కాబట్టి.

"పనీ పాటా లేని కడ్డీ బండిలో ఎందుకుంటాదిరా? ఇది అమ్మోరు కూకునే సోటు" అంది అమ్మమ్మ. పసుపు పూసి, తోరం కట్టి, దానికి వేపమండా నిమ్మకాయా గుచ్చింది. ఆ రోజునుంచీ ఆ కడ్డీని ఎవరూ ముట్టుకోకూడదు, కాలు తగిలితే లెంపలేసుకోవాలి. సాయంత్రాలు మా పిల్లమూక ఆగి ఉన్న జీపులో బస్సాట ఆడేది. చింతాకు రెమ్మలే టిక్కెట్లు. పెందుర్తి, పెందుర్తి అని కేకలేసే కండక్టరుని నేనే. ఆ కడ్డీ లాగితే జీపు లేచి వెళ్ళి హార్బరు నీళ్ళలో పడుతుందనీ, ఇంతకు ముందు ఒకసారి పడితే మావయ్యే క్రేనుతో తీశాడనీ చెప్పాను. వాళ్ళలో సగం మంది ఇప్పటికీ నమ్ముతున్నారు.

మరుసటేడు పిన్నికి నెలలు నిండుతున్నాయి. పిన్ని మావయ్యకి చెల్లెలు. బాబాయి కొండమీది ఊళ్ళో బడిపంతులు. అంతకు ముందొకసారి వానల్లో దారి లేక అక్కడే పురుడొచ్చి, బిడ్డ దక్కలేదు. ఈసారి ఎలాగైనా కిందికి దింపి పెద్దాసుపత్రిలో చూపించాలని ఇంటిల్లిపాదీ పట్టుబట్టారు. తీరా ఎనిమిదో నెల వచ్చేసరికి, ఎనిమిదో నెలలో గర్భిణి ఊరు దాటకూడదని అమ్మమ్మ అడ్డుపడింది. తొమ్మిది పడేసరికి వానలూ పడ్డాయి. చలిమిడీ సున్నుండలూ డబ్బాలకెత్తి, అమ్మమ్మా మావయ్యా బయల్దేరుతుంటే, వెనకబల్ల కింద నేను ముందే దూరి కూర్చున్నాను. పెందుర్తి దాటాక గానీ నన్ను ఎవరూ చూడలేదు.

"ఓలమ్మో, ఈ గుంట ఎప్పుడెక్కీసిందిరా?" అంది అమ్మమ్మ.

"దింపెత్తే వోరేనా ఎత్తుకుపోయినా రేపటికి తెచ్చిచ్చెత్తారులే, ఉండనీ" అన్నాడు మావయ్య.

తారురోడ్డు వదిలి కొండెక్కే ఆ మట్టిదారి, కొండకి చుట్టిన తలపాగాలా ఉండేది, అదీ తప్పతాగినవాడు చుట్టుకున్న తలపాగా. కొన్ని మలుపుల్లో ముందు కూర్చున్నవాళ్ళకి బండి వెనక నంబరు ప్లేటు కనబడేది. ఒక పక్క జీలుగుచెట్లూ, మట్టి కోసుకుపోయి వేళ్ళు బయటపడిన పనసలూ, ఇంకో పక్క మబ్బు. ఎక్కడ ఆగినా బండి వెనక్కి జారకుండా ఒకరు చెక్కదిమ్మ పట్టుకుని దిగి చక్రం కింద పెట్టాలి. పైకి వెళ్ళేటప్పుడు ఆ పని నాది. రాత్రి బాబాయి ఇంట్లో పడుకుని, తెల్లారి వాన తెరిపిస్తే పిన్నిని ముందు సీటు వెనకాల బొంతల మధ్య కూర్చోబెట్టి దిగడం మొదలెట్టాం. దిమ్మ బాబాయి చేతికి మారింది. నా ఒళ్ళోకి పనసపండు వచ్చింది.

సగం దిగాక గెడ్డ, అదే కొండవాగు. నిన్న పాదాలు తడవని నీళ్ళు ఇవాళ ఎర్రగా, మోకాలి లోతున పోతున్నాయి. మావయ్య దూకించాడు, దాటాం. అవతల నిలువెత్తు బురద ఏటవాలు. అది ఎక్కితేనే మళ్ళీ కింది దారి. జీపు రెండు మూరలెక్కి ఆగిపోయింది. వెనక చక్రాలు తిరగలిలా తిరుగుతూ బాబాయి తెల్ల లాల్చీని ఎర్రగా అద్దేశాయి.

"బావా, సెక్కెట్టీసాను, ఇంక లాగు" అన్నాడు బాబాయి కిందనుంచి.

"ఏటి లాగేది, సెక్రాలు ఉన్న సోటే తిరుగుతన్నాయి."

అప్పుడే పిన్ని నా భుజం పట్టుకుంది. ఆ గోళ్ళ గుర్తులు చాలారోజులు ఉన్నాయి.

"అమ్మా, నొప్పులొచ్చెత్తన్నాయే."

"ఇంకా సేపుంది, నువ్వు పళ్ళు బిగపట్టు" అంది అమ్మమ్మ. ఆవిడ చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు పెద్దాడవాళ్ళు అడ్డపొగ అంటారు. మాట్లాడుతున్నా అది ఆరేది కాదు, జారేది కాదు. ఆ రోజు మాత్రం చుట్ట తీసి బయట పారేసింది. నాకు భయం వేసింది అప్పుడే. వెనక గెడ్డ చప్పుడు పెరుగుతోంది. పనసపండుని గట్టిగా వాటేసుకున్నాను.

మావయ్య క్లచ్చి తొక్కి ఆఖరిసారి గేరు వేస్తుంటే పక్క సీట్లో అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. "తల్లీ, ఓ పిల్లని కొండమీదే ఒగ్గీసినాం. దీన్ని దింపీ, నీకు కోడినిచ్చుకుంటాను" అని, ఎవరూ ముట్టుకోకూడని ఆ కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు మొక్కుతున్నట్టే ఒంగి, తనవైపు లాగింది.

గర్రుమని కింద ఏదో పళ్ళు కొరికింది. నిమ్మకాయ తెగి నా పనసపండు మీద పడింది. మావయ్య క్లచ్చి వదిలేసరికి, అంతవరకూ ఊరికే బురదలో బొమ్మల్లా నిలబడ్డ ముందు చక్రాలు తిరిగాయి. ముందునుంచి ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు జీపు తాపీగా, వినయంగా, ఏటవాలంతా ఎక్కి పైన నిలబడింది. బాబాయి దిమ్మ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. మావయ్య ముందు చక్రాలకేసి చూశాడు, కడ్డీకేసి చూశాడు, వాళ్ళమ్మకేసి చూశాడు.

"ఏట్రా సూత్తన్నావ్, పోనీ" అంది అమ్మమ్మ.

పోనిచ్చాడు. ఆసుపత్రి గుమ్మంలో పిన్నిని దింపిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. కేర్‌మన్న ఏడుపు గోడలు దాటి వినబడ్డాక, బురద బట్టలతోనే మెట్ల మీద కూలబడి, అందరం ఆ పనసపండుని చేతుల్తో చీల్చుకు తిన్నాం. అంత తియ్యని పండు మళ్ళీ తినలేదు. ఇది మాత్రం అబద్ధం కాదు. పిల్లకి కొండమ్మ అని పేరు పెట్టారు. కోడి బాకీ తీరింది. ఆ కడ్డీ దేనికో మావయ్యకి ఆ ఏటవాలు మీదే తెలిసిపోయిందని నా అనుమానం, కానీ ఆయన ఎప్పుడూ బయటపడలేదు. తర్వాత ఏ బురదలో దిగబడినా, "అమ్మా, అమ్మోర్ని ఓసారి కదుపు" అనేవాడు. అమ్మమ్మ లేకుండా చెడ్డదారికి జీపు తీసేవాడు కాదు.

షెడ్డు దగ్గర ఆ వాసన తగిలిన రోజునే కొండమ్మకి ఫోను చేశాను. ఆదివారం తన కొత్త కారులో ఇద్దరం వెళ్ళాం. జీపు ఎప్పుడో తుక్కయింది. అడ్డపొగ వాసన అమ్మమ్మతోనే పోయింది. మట్టిదారి మీద నున్నటి తారు, మలుపుల్లో ఇనప కంచెలు, గెడ్డ మీద కల్వర్టు. చెక్కదిమ్మ అంటే ఏమిటో అక్కడ తిరిగే కుర్రాళ్ళకి తెలియదు, తెలియక్కర్లేదు కూడా, పురిటి నొప్పులతో ఉన్న మనిషి అరగంటలో కిందికి దిగిపోతుంది.

కల్వర్టు ముందు కొండమ్మ కారాపింది. గేరు పక్కన, నాలుగు చక్రాలూ కలిసి లాగడానికి ఓ మీట. దాని పక్కన చిన్న పసుపు బొట్టు.

"నువ్వే నొక్కు, అప్పా" అంది.

"తారురోడ్డుకి ఇదెందుకే?"

"అమ్మమ్మ లేదు గదా, నువ్వు నొక్కు."

నొక్కాను. స్టీరింగు వెనక చిన్న దీపం వెలిగింది. కారు కల్వర్టు దాటి, ఎత్తు ఎక్కింది. ఎక్కాక కొండమ్మ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినబడింది. నాది తనకీ వినబడే ఉంటుంది.