నలభై గడుల్లో నలభై ఒకటి

ఆ బడిలో పిల్లలు లెక్కల టీచరుకు చాటుగా పెట్టుకున్న పేరు గడియారం. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. పడినప్పుడు కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వపడింది కూడా. పదకొండేళ్లుగా బడి మొత్తానికి టైంటేబులు వేసేది ఆమే. ఇరవై ముగ్గురు ఉపాధ్యాయులను, పద్నాలుగు తరగతులను, రోజుకు ఎనిమిది చొప్పున వారానికి నలభై పీరియడ్లలో ఇమడ్చడమంటే ఇంటిల్లిపాది బట్టలను ఒకే పెట్టెలో సర్దడం వంటిది. ఒక మూల నొక్కితే ఇంకో మూల నుంచి చొక్కా చెయ్యి బయటికి తొంగిచూస్తుంది.

ఈ విద్యలో అప్రతిష్ఠ ఒక్కటే. ఒకే మనిషి పేరు ఒకే సమయంలో రెండు గదుల్లో పడకూడదు. పడితే దాన్ని క్లాష్ అంటారు. చార్టు పూర్తికాగానే ఆమె ఒక్కొక్క ఉపాధ్యాయుడికీ విడిగా చీటీ రాసి, గడి గడికీ వేలుపెట్టి సరిచూసేది. పదకొండేళ్లలో ఒక్క క్లాష్ పడలేదు. అయితే ఆమె ఏనాడూ రాయని చీటీ ఒకటుంది, తన సొంతది. తన పీరియడ్లు తనకు కంఠస్థమని ధీమా.

పెద్ద లెక్కల మాస్టారు ఉద్యోగ విరమణ చేసిన సోమవారం హెడ్మాస్టరుగారు ఆమెను పిలిచి, "ఆయన ఇరవయ్యారు పీరియడ్లనీ మధ్యాహ్నంలోగా సర్దేయాలి టీచర్‌గారూ. మీరైతే చిటికెలో చేసేస్తారు" అన్నారు.

మనిషిని మునగచెట్టు ఎక్కించడానికి నిచ్చెన అక్కర్లేదు, 'మీరైతే' అన్న ఒక్క మాట చాలు. నిజానికి గంట తరుముకొస్తూంటేనే ఆమె బుర్ర చురుగ్గా పనిచేసేది. తీరిగ్గా కూర్చోబెడితే చిన్న కూడిక కూడా తప్పుతుందని తానే నవ్వేది. ఆ రోజూ అంతే. పది పీరియడ్లు సైన్సు మాస్టారికి అంటగట్టి, పదహారు తన మీద వేసుకుని, భోజనం గంటకల్లా చార్టు స్టాఫ్ రూము గోడకు తగిలించింది.

మంగళవారం నాలుగో పీరియడులో తొమ్మిదో తరగతి ముందు నిలబడి ఉండగా, పక్కగది నుంచి ఏడో తరగతి లీడరు వచ్చి, "టీచర్, మాక్కూడా ఇప్పుడు మీరేనండి" అంది.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. అప్పటికి ఆమెకున్నవి ఇరవయ్యయిదు, కొత్తవి పదహారు. కలిపితే నలభై ఒకటి. వారానికున్నవి నలభై. లెక్కల టీచరు చెయ్యని కూడిక అది. ఇక ఎటు జరిపినా ఒకటి మిగులుతుంది, ఎవరికో ఒకరికి ఇచ్చి తీరాలి. ఇవ్వాలంటే తప్పు ఒప్పుకోవాలి. సైన్సు మాస్టారు వింటే ఊరుకుంటాడా? "ఏమండోయ్, గడియారం కూడా తప్పు చూపిస్తుందా?" అని ఏడాదంతా దెప్పడూ?

రెండు గదుల మధ్య చెక్క అడ్డుగోడ, దానికొక తలుపు. ఆమె నోరు మూసుకుని ఆ తలుపు తెరిచింది. ఇటు లెక్క ఇచ్చి అటు, అటు ఇచ్చి ఇటు. రెండు చోట్లా పాఠం నడిచింది, రెండు చోట్లా నిశ్శబ్దమే. మూడో మంగళవారానికి ఆ పరుగు ఆమెకు అలవాటైపోయింది. వారమంతా ఒక్క ఖాళీ పీరియడూ లేక అయిదో వారానికి మడమ నొప్పి మొదలైంది.

ఇంట్లో మాత్రం తక్కువా? భర్తది నెలకు ఇరవై రోజులు బయట తిరిగే ఉద్యోగం. కూతురికి జడ వేస్తూనే ఎక్కాలు అప్పజెప్పించుకుని, అత్తగారి మాత్రలు పూటకొక గిన్నెలో పెట్టి, ఏడుంబావుకల్లా ఆమె గడప దాటాలి.

"అదేంటే అమ్మాయ్, కుంటుతున్నావు?" అని ఒక పొద్దున అత్తగారు పట్టేసింది.

ఆమె చెప్పులు వేసుకుంటూనే సంగతంతా చెప్పేసింది.

"బాగుంది! లాగే ఎద్దునే పొడుస్తారు. నువ్వు బాగానే లాగుతున్నావని తెలిస్తే ఇంకో బండి కట్టేస్తారు, చూస్తూండు."

"ఎవరికీ తెలీదులెండి అత్తయ్యా."

తెలిసింది. ఆ మంగళవారమే హెడ్మాస్టరుగారు నాలుగో పీరియడులో వరండా వెంట నడుస్తూ, ఈ కిటికీలో కనిపించిన మనిషి ఆ కిటికీలోనూ కనిపించేసరికి ఆగిపోయారు. గదికి పిలిపించారు. చీవాట్లు తప్పవనుకుని వెళ్లిందామె. ఎన్నాళ్లుగా అని అడిగి తెలుసుకున్న ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అయిదు వారాలా! ఈగ వాలిన చప్పుడైనా లేదే! వచ్చే మంగళవారం విద్యాశాఖ అధికారి వస్తున్నారమ్మా, పెద్ద మాస్టారి ఖాళీ పోస్టు ఉంచాలా తీసేయాలా తేల్చడానికి. నాలుగో పీరియడుకే తీసుకొస్తాను. ఆ పోస్టు లేకుండానే సర్దుకుంటున్నామని చూపిద్దాం. మన బడికి ఎంత పేరు!"

"పోస్టు తీసేస్తే మళ్లీ రాదు కదండీ?"

"రాకపోతేనేం? మీరున్నారుగా!"

తప్పు చేసినందుకు తిడితే ఏదోలా భరించి ఉండేది. తప్పునే ఘనకార్యంగా అచ్చు వేయించబోతున్నారు. నలభై ఒకటి ఇక ఆమె ఉద్యోగమున్నంతకాలం నలభై ఒకటే. ఆ పూట ఆమె ఎంత విసుగ్గా ఉందంటే, నల్లబల్ల మీద గీసిన సున్నాకు సుద్దముక్క రెండుగా విరిగింది.

మంగళవారం అధికారి తొమ్మిదో తరగతి చివరి బల్ల మీద కూర్చున్నారు. గుమ్మంలో హెడ్మాస్టరుగారు. ఆమె లెక్క వివరించింది, అభ్యాసం ఇచ్చింది. ఇక అటు వెళ్లవలసిన క్షణం. వెళ్లలేదు. రెండో లెక్క మొదలుపెట్టింది. అడ్డుగోడకు అవతల ముందు గుసగుస, ఆ తరువాత బల్లల చప్పుడు, ఆపైన సంత. హెడ్మాస్టరుగారు తలుపు వైపు కళ్లతో సైగ చేశారు. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

"పక్క క్లాసులో టీచరు లేరా?" అన్నారు అధికారి.

"ఉన్నారండి."

"మరి ఏరీ?"

"ఇదిగోనండి, మీ ఎదురుగా. ఆ క్లాసూ నాదే, ఈ క్లాసూ నాదే. వారానికి నలభై పీరియడ్లయితే నాకు నలభై ఒకటి. చార్టు వేసింది నేనే. తప్పు నాది. ఆ తప్పు కనబడకుండా అయిదు వారాలు పరుగెత్తిందీ నేనే."

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. వరండాలో సైన్సు మాస్టారు అంతా విననే విన్నాడు.

అధికారి చార్టు దగ్గరికి వెళ్లి వేలితో గడులు లెక్కపెట్టుకున్నారు. "పోస్టు అవసరమనే రాస్తాను. మనిషి ఎప్పుడొస్తారో మాత్రం నన్నడక్కండి" అని కారెక్కుతూ, "అంతదాకా ఎలాగూ నెట్టుకొస్తున్నారుగా!" అన్నారు.

పోస్టు నిలిచింది. కానీ ఆ చివరి మాటకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా చార్టు దగ్గరికి వెళ్లి, మంగళవారం నాలుగో గడిలో ఏడో తరగతికి ఎదురుగా ఉన్న తన పేరు రబ్బరుతో చెరిపేసింది.

హెడ్మాస్టరుగారు వెనకే వచ్చారు. "పరువు తీశారు కదమ్మా! ఇప్పుడిక్కడ ఎవరి పేరు రాస్తారు?"

"రాయడానికి ఎవరూ లేరండి."

"మరి క్లాసు?"

"గోల చేస్తుందండి. మీరూ లెక్కల మాస్టారేగా ఒకప్పుడు."

ఆయన వరండా వైపు చూశారు. ఏడో తరగతి గోల ఇంకా ఆగలేదు. చివరికి బల్ల మీది సుద్దముక్క అందుకుని, "ఏ పాఠం నడుస్తోంది?" అన్నారు గొణుగుతూ.

"భిన్నాలండి."

"భిన్నాలా!" అంటూ ఆయన అక్కడే నిలబడిపోయారు. ముఖంలో ఎన్నేళ్ల మరపో కనబడింది. 'ఫరవాలేదండి, నేను చూసుకుంటాను' అన్న మాట, పదకొండేళ్లుగా పలికి పలికి అరిగిన మాట, ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వారం చేసిన పనులన్నిటిలోకీ దాన్ని మింగడమే ఆమెకు ఎక్కువ కష్టమైంది. ఇంకా నలభై ఉన్నాయి. ఆమె తొమ్మిదో తరగతిలోకి నడిచింది.